కాగితం మీద గేదె, దొడ్డిలో పంది

తెలుగువాడికి కోపం వచ్చినప్పుడు నోటికి ముందుగా అందే తిట్లలో రెండింటిని ఈవేళ చర్చకు తీసుకొంటున్నాను. ఒకటి ‘వెధవ’, రెండోది ‘పంది’. మొదటిది సంస్కృత ‘విధవా’ శబ్దం నుంచి వచ్చింది. భర్తను పోగొట్టుకొన్న స్త్రీని చెప్పే మాట మన నోళ్ళలో నలిగి నలిగి, చివరకు పనికిమాలిన మగవాణ్ణి తిట్టే మాటగా స్థిరపడింది. ఆమె దౌర్భాగ్యం మనకు తిట్టుగా పనికివచ్చింది గాని ఆమెకు పట్టెడన్నం పెట్టటానికి పనికిరాలేదు. రెండోది అచ్చ తెనుగు మాట. ఏ పాపమూ ఎరుగని ఒక జంతువు పేరు. ఈ రెండు తిట్లనూ పక్కపక్కన నిలబెట్టి నేను చేయదలచిన ప్రతిపాదన ఇది: భర్త పోయిన పేద స్త్రీ, తనకు ఇష్టమైతే, రెండు ఆడపందులను పెంచుకొని ఎవరికీ చేయి చాపకుండా బతకగలదు. ఆమెను అలా బతకనివ్వనిది పంది కాదు, మన సిగ్గు.

మొదటే ఒక సంగతి చెప్పుకోవాలి. నేను శాకాహారిని. మా వంటింట్లోకి వెల్లుల్లి కూడా రాదు. ఉభయభాషాప్రవీణ చదివి, జిల్లా పరిషత్తు పాఠశాలల్లో మూడు దశాబ్దాలకు పైగా తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకొంటున్నవాణ్ణి. ‘పంతులుగారూ, మీకెందుకండీ ఈ పందుల గోల?’ అని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే. నేను తినకపోవటం నా ఆచారం. ఇంకొకరిని తిననివ్వకపోవటం, అమ్ముకోనివ్వకపోవటం, బతకనివ్వకపోవటం ఆచారం కాదు, దౌర్జన్యం.

మన ఊళ్ళలో దాతృత్వానికి ఒక నమూనా ఏర్పడిపోయింది. భర్త పోయిన స్త్రీకి కుట్టుమిషను ఇవ్వాలి. ఈ రెంటికీ వాగర్థాలకున్నంత అవినాభావ సంబంధం కుదిరిపోయింది. వేదిక కడతారు, పూలదండలు వేస్తారు, వరుసగా మిషన్లు పెడతారు, వాటి వెనక తలలు వంచుకొన్న స్త్రీలను నిలబెడతారు, ఫొటో తీస్తారు. అటువంటి సభల్లో నాలుగు మంచి మాటలు చెప్పమని నన్నూ పిలిచారు. ఒక సభ జరిగిన ఏడాదికి ఆ వీధి వెంట వెళుతూ చూశాను. ఒక ఇంట్లో మిషను మీద బియ్యపు బస్తా ఉంది. ఇంకో ఇంట్లో దాన్ని అమ్మేసి ఆస్పత్రి ఖర్చు తీర్చుకొన్నారు. తప్పు ఆ స్త్రీలది కాదు. ఒక చిన్న ఊళ్ళో ఇరవై మిషన్లు పంచితే ఇరవైమందికీ సరిపడా రవికలు ఎవరు కుట్టించుకొంటారు? చొక్కాలు, లంగాలు, నైటీలు అన్నీ సంతలో కుట్టి సిద్ధంగా దొరుకుతున్న కాలంలో మిషను ఇచ్చినవాడు బట్ట ఇచ్చాడా? బేరం ఇచ్చాడా?

అయినా కుట్టుమిషనే ఎందుకిస్తాం? శుభ్రంగా ఉంటుంది కనుక. ఇంట్లో కూర్చొని చేసే పని కనుక. ఫొటోలో బాగుంటుంది కనుక. ఇచ్చేవాడి మర్యాదకు ఏది తగునో అదే ఎంచుతున్నాం గాని, పుచ్చుకొనే మనిషికి ఏది గిట్టుబాటవుతుందో అడగటం లేదు. దానం చేసేవాడి అభిరుచిని బట్టి పుచ్చుకొనేవారి బతుకుతెరువు నిర్ణయం కావటం కంటె విడ్డూరం ఏముంది?

పింఛను ఉంది కదా అంటారు. ఉంది. తెలంగాణలో 2019లో దాన్ని 2,016 రూపాయలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 4,000 రూపాయలు చేశారు. దాన్ని నేను తక్కువ చేయను. ముసలితల్లికి అది ప్రాణాధారం. కాని ముప్పై ఏళ్ళ వయసులో ఇద్దరు పిల్లలతో మిగిలిపోయిన స్త్రీకి పింఛను ఆకలిని ఆపుతుంది, అంతవరకే. పిల్ల కాలేజీ రుసుము దాంతో రాదు, పాత అప్పు దాంతో తీరదు. ఆమెకు కావలసింది పెరిగే వస్తువు, పిల్లలు పెట్టే వస్తువు. మన పెద్దలు పశువును ‘ధనం’ అన్నది అందుకే.

ఇప్పుడు లెక్కకు వద్దాం. గేదె పది నెలల పైచిలుకు చూడితో ఉండి ఒక్క దూడను ఈనుతుంది. మేక అయిదు నెలలకు ఒకటో రెండో పిల్లలను పెడుతుంది. ఆడపంది కడుపు మోసేది సుమారు 114 రోజులు; మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులని గుర్తు పెట్టుకొంటారు. ఈతకు ఎనిమిది నుంచి పన్నెండు దాకా పిల్లలు పుడతాయి. ఎనిమిది వారాలకు పాలు మాన్పించవచ్చు. 114కు 56 కలిపితే 170. పాలు మాన్పించిన కొద్ది రోజుల్లోనే మళ్ళీ ఎదకు వస్తుంది. అంటే ఏడాదికి రెండు ఈతలు. చచ్చినవి చావగా ఈతకు ఏడు పిల్లలు దక్కినా, రెండు ఆడపందుల మీద ఏడాదికి ఇరవై ఎనిమిది పిల్లలు. కొన్నింటిని పాలు మానగానే అమ్ముకోవచ్చు. కొన్నింటిని ఏడెనిమిది నెలలు పెంచి బరువుకు అమ్ముకోవచ్చు. ‘పందుల్లా కన్నారు’ అని మనుషులను హేళన చేస్తామే, ఆ హేళనలో ఉన్న అంకె విలువ ఎంతో లెక్క చూసినవారు తక్కువ.

గేదెకు పచ్చిగడ్డి కావాలి, గడ్డికి నేల కావాలి. భర్త పేరున ఉన్న అరెకరం కూడా బావగార్ల వశమైపోయిన స్త్రీకి నేల ఎక్కడిది? పందికి తవుడు, నూకలు, మొక్కజొన్న, వేరుశనగ చెక్క, కూరగాయల బజారులో మిగిలిపోయిన ఆకు అలము, హోటళ్ళలో మిగిలిన అన్నం చాలు. హోటలు కుడితిని బాగా మరిగించి పెట్టాలి; ఆ ఒక్క జాగ్రత్త తప్పనిసరి. కిలో బరువు పెరగటానికి మూడు నాలుగు కిలోల మేత తింటుంది. మేత కొని పెడితే లాభం సన్నగిల్లుతుంది. ఊళ్ళో వ్యర్థమయ్యేదాన్ని సేకరించి పెడితే మిగులుతుంది. ఇది సోమరులు చేసే పని కాదు. తెల్లవారకముందే బకెట్లు మోయాలి, దొడ్డి కడగాలి. ఈనే రోజున రాత్రంతా మేలుకొని, తల్లి దొర్లి పిల్లలను నలిపేయకుండా గోడ వెంట అడ్డుకర్ర ఉందో లేదో చూసుకోవాలి. తల్లిపాలలో ఇనుము చాలదు కనుక పిల్లలకు మొదటి వారంలోనే ఇనుము సూది వేయించాలి. ఇవన్నీ తెలిసిన స్త్రీలు మన ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళను మనం ఎన్నడూ నిపుణులు అనలేదు.

అటువంటి ఒక స్త్రీ నా పూర్వ విద్యార్థిని. ఎరుకల కులంలో పుట్టింది. ఎనిమిదో తరగతిలో ఛందస్సు చెబుతూ ఉంటే అందరికంటె ముందు గణవిభజన చేసేది. పదో తరగతితో చదువు ఆగింది. పెళ్ళయింది. భర్త లారీ ప్రమాదంలో పోయాడు. ఇద్దరు పిల్లలు. పుట్టింట్లో పందులు పెంచిన అనుభవం ఉంది కనుక సీమపందులు రెండు కొనాలనుకొన్నది. మనవాళ్ళు సీమపంది అనే ఆ తెల్లజాతి పేరు లార్జ్ వైట్ యార్క్‌షైర్. నాటుపంది కంటె త్వరగా బరువు పెరుగుతుంది. అప్పుకోసం బ్యాంకుకు వెళ్ళింది. అక్కడి అధికారి దుర్మార్గుడేమీ కాదు. ఆమె చెప్పిందంతా విని, ‘పంది అని రాస్తే పైన సవాలక్ష ప్రశ్నలు వేస్తారమ్మా, గేదె అని రాసెయ్యి, పని అయిపోతుంది’ అన్నాడట. ఆమె అలాగే రాసింది. పక్కింటి గేదెను తోలుకొచ్చి నిలబెట్టి ఫొటో తీశారు. గేదెకు బీమా తప్పనిసరి కనుక ఆ బీమా రుసుమును అప్పులోనే మినహాయించుకొన్నారు.

ఏడాదిన్నర బాగానే గడిచింది. రెండు ఈతల పిల్లలను అమ్మింది, కంతులు కట్టింది, పెద్దపిల్లను పట్నంలో చేర్పించింది. మూడో ఈత సమయానికి ఆ వాడలో పందులకు జ్వరం సోకింది. వారం రోజుల్లో దొడ్డి ఖాళీ అయింది. ఆ తరువాత ఒకనాడు బజారులో కనిపించి తనే చెప్పింది ఈ కథంతా.

‘టీకా వేయించలేదా అమ్మా?’ అని అడిగాను.

‘లేని పందులకి టీకా ఎట్టా అడిగేది మాస్టారూ? కాగితాల్లో నాకున్నది గేదె కదండీ’ అన్నది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. లేని గేదెకు ఆమె బీమా కట్టింది. ఉన్న పందులకు బీమా లేదు. చచ్చిన పందులకు పరిహారం అడగటానికి వీల్లేదు. బతికిలేని గేదె తాలూకు కంతులు మాత్రం ఇంకా కడుతున్నది. ‘పందిని నందిని చేస్తాడు’ అని వాక్చతురుణ్ణి గురించి అంటూ ఉంటాం. ఇక్కడ పందిని గేదెను చేశారు. ఆ చాతుర్యానికి మూల్యం చెల్లించినది మాత్రం ఆమె.

ఇందులో అబద్ధమాడింది ఎవరు? ఆమెనా? రిజర్వు బ్యాంకు 2019లో కిసాన్ క్రెడిట్ కార్డును పశుపోషకులకు విస్తరింపజేస్తూ ఇచ్చిన మార్గదర్శకాల్లో గొర్రెలు, మేకలు, కోళ్ళతో పాటు పందులు పెంచేవారి పేరూ స్పష్టంగా ఉంది. సొంత షెడ్డు లేకపోయినా అద్దెది ఉంటే చాలునని ఉంది. స్వయం సహాయక సంఘాలకూ వర్తిస్తుందని ఉంది. అంటే చట్టానికి పంది అన్న మాట పలకటంలో సిగ్గు లేదు. సిగ్గంతా బల్లకు ఇవతలి పక్కన, కలం పట్టుకొన్న చేతిలో ఉంది.

ఇక ఆక్షేపణలు. వీటిని ఒక్కొక్కటిగా తీసుకొంటాను. కొన్నింట్లో నిజం ఉంది, ఉన్నచోట ఒప్పుకోవాలి.

మొదటిది: పంది మురికి జంతువు. పందికి చెమట పట్టదు. పట్టినా లెక్కలోకి రానంత. ఎండ వేడికి తట్టుకోలేక నీళ్ళు వెతుక్కొంటుంది, నీళ్ళు లేకపోతే బురదలో పొర్లుతుంది. మంచినీళ్ళు చల్లే దొడ్డిలో పెట్టి చూడండి. మేత మేసే చోట మలవిసర్జన చేయదు, దానికొక మూల కేటాయించుకొంటుంది. వీధిపంది అశుద్ధం తింటున్నదంటే అశుద్ధాన్ని వీధిలో వదిలినది పంది కాదు కదా.

ఇదే సందర్భంలో నులిపురుగుల సంగతి కూడా చెప్పుకోవాలి. పందిమాంసంలో ఉండే బద్దెపురుగు పిల్లదశ గురించి అందరూ భయపడతారు. ఆ పురుగు గుడ్లు పందికి చేరేది మనిషి మలం నుంచే. అంతకంటె ముఖ్యం: ఆ పురుగు మనిషి మెదడులో చేరి మూర్ఛలు తెచ్చే జబ్బు పందిమాంసం తిన్నందువల్ల రాదు. మనిషి మలంలోని గుడ్లు నీళ్ళ ద్వారా, ఆకుకూరల ద్వారా, కడగని చేతుల ద్వారా కడుపులోకి పోతే వస్తుంది. కనుక నావంటి శాకాహారికి కూడా రావచ్చు. పందిని దొడ్డిలో కట్టి, మనం మరుగుదొడ్డి వాడితే ఈ గొలుసు రెండుచోట్లా తెగుతుంది.

రెండోది: మెదడువాపు. ఇది నిజమైన ఆక్షేపణ. 1999లో అనంతపురం జిల్లాలో జపనీస్ మెదడువాపు ప్రబలి పసిపిల్లలను పొట్టనపెట్టుకొన్నది. ఆ క్రిమి పందుల్లోనూ కొంగజాతి పక్షుల్లోనూ వృద్ధి చెంది, వరిపొలాల నీళ్ళలో పుట్టే దోమల ద్వారా మనుషులకు చేరుతుంది. కనుక పందులను ఇళ్ళ మధ్య వదిలిపెట్టకూడదు. ఇందులో నాకు రెండో మాట లేదు. వాడకు దూరంగా దొడ్డి ఉండాలి, దోమతెర ఉండాలి, నీళ్ళు నిలవకూడదు. మెదడువాపు తరచు వచ్చే జిల్లాల్లో పిల్లలకు టీకాలు వేయటం 2006లో మొదలైంది. దాన్ని ఎవరూ మానకూడదు. కాని మన పురపాలక సంఘాలు చేసేదేమిటి? వేసవిలో ఒకనాడు బండి తెచ్చి, కనిపించిన పందినల్లా పట్టి, ఊరవతల వదిలి వస్తాయి. దొడ్డి కట్టుకోవటానికి చోటు చూపమంటే మాత్రం చూపవు. చోటు చూపకుండా పట్టుకుపోవటాన్ని ఆరోగ్యరక్షణ అనటం నాకు చేతకాదు.

మూడోది: జబ్బు వస్తే మొత్తం పోతుంది. ఇదీ నిజమే. పైన చెప్పిన కథే సాక్షి. చాలాకాలంగా ఉన్న స్వైన్ ఫీవరుకు టీకా ఉంది. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో తొలిసారిగా మన దేశంలో కనిపించిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవరుకు మందు లేదు. మనుషులకు సోకదు గాని పందుల దొడ్డిని తుడిచిపెడుతుంది. బయటి పందులను వెంటనే మందలో కలపకపోవటం, మరిగించని కుడితి పెట్టకపోవటం, వచ్చేపోయేవారిని దొడ్డిలోకి చెప్పులతో రానివ్వకపోవటం, ఇవే రక్షణ. ఈ ప్రమాదం పందులు వద్దనటానికి వాదం కాదు. బీమా, పరిహారం, పశువైద్యుడు కావాలనటానికి వాదం. కోళ్ళకు తెగులు వచ్చి లక్షల కోళ్ళు చచ్చినప్పుడు కోళ్ళ పరిశ్రమ మూసేయమని ఎవరూ అనలేదు. పరిశ్రమను ఆదుకోవాలన్నారు.

నాలుగోది: కొనేవారేరి? ఎరుకల వాడల్లో ఆదివారం ఉదయం చూసినవారు ఈ ప్రశ్న వేయరు. కొనేవారు ఉన్నారు, చీకట్లో కొని సంచిలో దాచుకొని వెళతారు, అంతే తేడా. హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరాల్లో ఈశాన్య రాష్ట్రాల నుంచి పనికి వచ్చినవారున్నారు. కొడగులో, కేరళలో, గోవాలో తినేవారున్నారు. ఒకప్పుడు కృష్ణా జిల్లా గన్నవరంలో సాక్షాత్తు ప్రభుత్వమే పందిమాంసం శుద్ధి చేసే కర్మాగారం పెట్టింది. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయంలో పందుల మీద పరిశోధన జరుగుతూనే ఉంది. అంగడి లేకపోవటం కాదు, తూకం లేకపోవటం అసలు బాధ. దళారి వచ్చి కంటితో చూసి ‘ఇది ఇంత ఉంటుంది’ అని చెప్పిందే బరువు, అతను ఇచ్చిందే ధర. మగదిక్కు లేని ఇంట్లో ఆ అంచనా ఇంకాస్త కిందికి దిగుతుంది. వాడకొక కాటా పెట్టిస్తే సగం దోపిడీ ఆగుతుంది.

అయిదోది అన్నింటికంటె బరువైనది. ఇది నా మిత్రుల నుంచే, అభ్యుదయవాదుల నుంచే వచ్చింది: ‘ఎరుకలవారిని మళ్ళీ పందుల దగ్గరే కట్టేస్తారా? ఇది కులవృత్తిని శాశ్వతం చేయటం కాదా?’

ప్రశ్న మంచిదే. చరిత్రను బట్టి సమాధానం వెతకాలి. ఎరుకలవారు ఒకప్పుడు ఉప్పు, ధాన్యం పశువుల మీద వేసుకొని ఊరూరా తిరిగి వర్తకం చేసినవారు. రైలు వచ్చి ఆ వర్తకం పోయింది. 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911 తరువాత మద్రాసు రాజధానిలోనూ అమలుచేసి, పుట్టిన బిడ్డతో సహా వాళ్ళమీద దొంగ అన్న ముద్ర వేశారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా వెలసిన ఊరే. ఆ చట్టం 1952లో రద్దయింది గాని ముద్ర చెరగలేదు. వాళ్ళకు బుట్టల అల్లిక, పందుల పెంపకం మిగిలాయి. ప్లాస్టిక్కు వచ్చి బుట్టలు పోయాయి. ఇప్పుడు పందులు కూడా పోవాలని మనం కోరితే, వాళ్ళ చేతిలో ఉన్న చివరి విద్యను లాక్కొంటున్నాం. మారుగా ఏమీ ఇవ్వటం లేదు.

నేను ఎవరినీ పందులు పెంచమని ఆదేశించటం లేదు. పెంచాలనుకొన్న స్త్రీకి అడ్డు తప్పుకొమ్మంటున్నాను. ఆమె ఎరుకల కులస్థురాలైతే ఆ విద్యకు గౌరవమివ్వండి. మరో కులం స్త్రీ నేర్చుకొంటానంటే ఎరుకల స్త్రీనే గురువుగా కూర్చోబెట్టి, జీతమిచ్చి నేర్పించండి. కేరళలో క్రైస్తవ రైతులు పందులు పెంచుతారు. వాళ్ళను ఎవరూ వెలివేయలేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో సుమారు 90 లక్షల పందులుంటే, అందులో 21 లక్షలు ఒక్క అస్సాంలోనే. ఈశాన్యాన ఇంటి పెరట్లో పందికి మేత పెట్టేది ఎక్కువగా ఇల్లాలే; అక్కడ అది ఆమె సొంత డబ్బుల డిబ్బీ. అక్కడ లేని అప్రతిష్ఠ ఇక్కడ ఎక్కడి నుంచి వచ్చింది? జంతువు నుంచి కాదు, జంతువును పెంచే మనిషికి మనం ఇచ్చిన స్థానం నుంచి.

దీనికి నిదర్శనం మన పథకాల్లోనే ఉంది. 2021లో సవరించిన జాతీయ పశుగణ మిషన్ కింద పందుల ఫారానికి ఖర్చులో సగం, 30 లక్షల రూపాయల దాకా రాయితీ ఇస్తారు. షరతేమిటంటే, వంద ఆడపందులు, పది మగపందులు ఉండాలి. తరువాత దాన్ని యాభైకి, రాయితీని 15 లక్షలకు దించిన మెట్టు ఒకటి చేర్చారు. రెండు పందులతో మొదలుపెట్టదలచిన స్త్రీకి అందులో మెట్టే లేదు. వంద పందులు పెంచేవాడు పారిశ్రామికవేత్త. రెండు పందులు పెంచే ఆమె ఊరికి బెడద. పంది ఒక్కటే, మారింది ఎవరి పంది అన్నది.

సాహిత్యం చెప్పుకొనేవాణ్ణి కనుక మనకు మనం గుర్తు చేసుకోవలసిన రెండు సంగతులు చెబుతాను. వేంగి చాళుక్యుల రాజలాంఛనం వరాహం. ఆ వంశంవాడైన రాజరాజనరేంద్రుడి కొలువులోనే నన్నయ భారతం ఆరంభించాడు. అంటే మన ఆదికావ్యం వరాహముద్ర నీడన పుట్టింది. ఆ ముద్ర వేసిన బంగారు నాణెం ‘వరహా’ అయింది. తిరుమలలో పుష్కరిణి ఒడ్డున వరాహస్వామిని ముందు దర్శించి గాని వేంకటేశ్వరుణ్ణి దర్శించకూడదని సంప్రదాయం. ఉత్తరాంధ్రలో బిడ్డకు వరహాలు, వరహాలమ్మ అని పేరు పెట్టుకొంటారు. గుడిలో దేవుడు, నాణెం మీద లక్ష్మి, దొడ్డిలో మాత్రం తిట్టు.

రెండోది వితంతువుల సంగతి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించారు. దానికి మనం సదా ఋణపడి ఉండాలి. కాని ఆ ఉద్యమం పట్టించుకొన్నది అగ్రవర్ణాల బాలవితంతువును. శ్రామిక కులాల్లో చాలావాటికి మారుమనువు అప్పటికే ఉంది. అక్కడి స్త్రీకి లేనిది మొగుడు కాదు, మూలధనం. ఆమె సమస్య మన సాహిత్యానికి సమస్యగా తోచలేదు. ‘కన్యాశుల్కం’లో వితంతువులు ముగ్గురున్నారు. బుచ్చమ్మ గురించి, మీనాక్షి గురించి వ్యాసాలు రాశాం. తన కష్టం మీద తాను బతికినది పూటకూళ్ళమ్మ ఒక్కతే. ఊరికి అన్నం వండిపెట్టి, తనను మోసగించిన గిరీశాన్ని వెతుక్కొంటూ చీపురుకట్ట పట్టుకొని వచ్చింది. ఆమెకు గురజాడ పేరు కూడా పెట్టలేదు. వృత్తే ఆమె పేరు. మనం ఆమెను చూసి నవ్వి ఊరుకొన్నాం. నూరేళ్ళు దాటాక కూడా సొంతంగా సంపాదించుకొనే వితంతువును చూస్తే మనకు నవ్వో అనుమానమో తప్ప మరొకటి రావటం లేదు.

కనుక నేను కోరేది ఇది. అప్పు దరఖాస్తుల్లో పంది అని రాసిన స్త్రీకి పంది పేరుమీదే అప్పివ్వాలి. రెండు ఆడపందుల యూనిట్‌ను ఒక మెట్టుగా గుర్తించి, పొదుపు సంఘాల ద్వారా భర్త పోయిన స్త్రీలకు ముందుగా అందించాలి. పంచాయతీలు ఊరవతల నీళ్ళు, గచ్చు, దోమతెర ఉన్న ఉమ్మడి దొడ్లు కట్టి, ఆ స్త్రీల పేరుమీదనే పట్టా ఇవ్వాలి. ఏడాదిలో నిర్ణీత దినాల్లో పశువైద్యుడు వచ్చి గేదెలకు వేసినట్లే పందులకూ టీకాలు వేయాలి. పందికి బీమా, తెగులు వస్తే పరిహారం, అమ్మకానికి కాటా ఉండాలి. ఇందులో ఏ ఒక్కటీ ఆకాశకుసుమం కాదు. గేదెకు, గొర్రెకు, కోడికి ఇవన్నీ ఏదో ఒక మేరకు ఇప్పటికే చేస్తున్నాం.

చదువరులలో చాలామంది ఊరికి దూరంగా ఉన్నా, ఊరికి ఏదైనా చేయాలనే తపన ఉన్నవారు. అమెరికాలోనో బెంగుళూరులోనో ఉండి చందాలు పంపేవారూ మీలో ఉన్నారు. ఈసారి ఎవరైనా మిమ్మల్ని కుట్టుమిషన్ల పంపిణీకి డబ్బు అడిగితే, ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న వేయండి: పుచ్చుకోబోయే ఆమెను ఏం కావాలని అడిగారా? అడిగితే ఆమె మిషనే కావాలనవచ్చు, మేకలు కావాలనవచ్చు, బడ్డీకొట్టు కావాలనవచ్చు. పందులు కావాలంటే మాత్రం ముఖం చిట్లించకండి. రసీదులో గేదె అని రాయకండి. పంది అనే రాయండి. ‘ద’కు గుడి, ముందు ‘ప’, నడుమ సున్న. నాకు తెలిసినంతలో తెలుగులో అంతకంటె తేలికైన మాట లేదు.